దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) రాజమండ్రికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. ఆధునికాంధ్ర చిత్రకళకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొంది, తిరిగి స్వస్థలానికి వచ్చి, తెలుగువారి జీవితాన్ని, పురాణగాథలను, గోదావరి ప్రకృతిని చిత్రాలుగా మలచాడు. 28 ఏళ్ళు నిండకుండానే మశూచి సోకి మరణించాడు. ఇతడు విడిచి వెళ్ళిన కృతులు 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 250కి పైగా పెన్సిలు చిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలుగా లెక్కించబడినాయి. వీటిలో అధికభాగం అమ్ముడుపోయి చెల్లాచెదరు కాకుండా, కుటుంబం చేతి నుండి మిత్రుల సంరక్షణకు, అక్కడి నుండి ప్రభుత్వ ఆధీనానికి చేరి, నేటికీ రాజమండ్రిలోనే ఉన్నాయి. రామారావు జీవితచరిత్రలో ఈ చిత్రాల యాజమాన్య చరిత్ర కూడా ఒక ముఖ్యమైన అధ్యాయం.

జననము, బాల్యము

రామారావు మార్చి 8, 1897న రాజమండ్రిలో జన్మించాడు. తండ్రి దామెర్ల వెంకటరమణారావు, తల్లి లక్ష్మీదేవి. తండ్రి వైద్యుడు. బాల్యము నుండే రామారావుకు బొమ్మలు గీయుటయందు మక్కువ ఎక్కువ. అతని సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా తరువాతి కాలంలో చిత్రకారిణిగా పేరు పొందింది. ఒకే ఇంట అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చిత్రకళను అభ్యసించడం ఆ రోజులలో అరుదైన విషయం. కొంతకాలానికి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన సత్యవాణి కూడా కుంచె పట్టడంతో దామెర్లవారి ఇల్లు ముగ్గురు చిత్రకారుల నివాసమైంది.

రామారావు పెరిగిన రాజమండ్రి సామాన్యమైన పట్టణం కాదు. 19వ శతాబ్దపు చివరి భాగంలో కందుకూరి వీరేశలింగం సంఘ సంస్కరణకు, తెలుగు వచన వాఙ్మయానికి దానిని కేంద్రంగా చేశాడు. ఊరికి దిగువన ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట వల్ల డెల్టా సస్యశ్యామలమైంది. 1900లో గోదావరిపై రైలు వంతెన పూర్తికావడంతో మద్రాసు, కలకత్తాలకు రాకపోకలు సులభమైనాయి. నది, పడవలు, స్నానఘట్టాలు, ఎగువన కనిపించే కొండలు రామారావు కంటికి చిన్ననాటి నుండి అలవాటైన దృశ్యాలు. తరువాత అతని ప్రకృతి చిత్రాలకు ఇవే ఆధారమైనాయి.

నాటికి తెలుగునాట చిత్రకళ

తెలుగుదేశంలో చిత్రకళకు ప్రాచీన సంప్రదాయం ఉన్నది. హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు విజయనగర కాలంనాటి కుడ్యచిత్రాలు దీనికి గొప్ప నిదర్శనం. ఆ ఆలయ మండపాల పైకప్పులమీద శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం మొదలైన గాథలు వర్ణచిత్రాలుగా ఉన్నాయి. శ్రీకాళహస్తి, మచిలీపట్నాల కలంకారీ, నిర్మల్ చిత్రాలు, కొండపల్లి బొమ్మలు ఈ సంప్రదాయపు ఇతర శాఖలు.

అయితే కుడ్యచిత్రానికీ, గుడ్డమీద వేసే తైలవర్ణ చిత్రానికీ ఒక మౌలికమైన భేదం ఉన్నది. కుడ్యచిత్రం గోడను విడిచి పోదు. గుడి ఎవరిదైతే బొమ్మ వారిది. లేపాక్షి చిత్రకారుల పేర్లు మనకు తెలియకపోయినా వారి చిత్రాలు గీసిన చోటనే నిలిచాయి. తైలవర్ణ చిత్రం అలా కాదు. దానిని చట్రంతో సహా ఎత్తి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, అమ్మవచ్చు, పంచుకోవచ్చు. చిత్రకారుడు మరణించిన తరువాత అది ఎవరి చేతికి పోతుందో, వారు దానిని ఏమి చేస్తారో అన్నదానిమీదనే దాని భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. పాశ్చాత్య తైలవర్ణ పద్ధతి మన దేశంలో వ్యాపించిన 19వ శతాబ్దం నుండి ఈ సమస్య కూడా మనకు సంక్రమించింది.

రామారావు యువకుడయ్యే నాటికి దేశంలో చిత్రకళకు సంబంధించి రెండు ధోరణులు ప్రబలంగా ఉన్నాయి. ఒకటి రాజా రవివర్మ వంటివారు ప్రసిద్ధం చేసిన పాశ్చాత్య వాస్తవిక పద్ధతి. రెండవది కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ నాయకత్వాన, అజంతా, మొగలు, రాజపుత్ర చిత్రాల స్ఫూర్తితో వెలసిన వంగ చిత్రకళా ఉద్యమం. ఈ ఉద్యమానికి తోడుగా 1907లో కలకత్తాలో ప్రాచ్య కళా సంఘం ఏర్పడింది. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యల కృషితో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆ తరువాత వంగదేశపు చిత్రకారుడు ప్రమోద కుమార ఛటర్జీ అధ్యాపకుడై వంగ పద్ధతిని నేర్పాడు. రామారావు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా కట్టుబడలేదు.

కూల్డ్రే శిష్యరికము

రామారావు జీవితాన్ని మలుపు తిప్పిన వ్యక్తి ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఇంగ్లాండులోని అబింగ్డన్ వాస్తవ్యుడైన కూల్డ్రే ఆక్స్‌ఫర్డులో చదివి, 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. అతడు కవి, కథకుడు, చిత్రకారుడు కూడా. ఆంధ్రదేశంలోని తన అనుభవాలతో అతడు వ్రాసిన 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే గ్రంథం 1924లో వెలువడింది.

విద్యార్థులతో కలిసి నది ఒడ్డున తిరగడం, బొమ్మలు గీయడం, సాహిత్యం చర్చించడం కూల్డ్రేకు ఇష్టమైన వ్యాపకాలు. తన శిష్యులలో అభిరుచి గలవారిని గుర్తించి ప్రోత్సహించేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు, దామెర్ల రామారావు ఈ విధంగా అతని ఆదరణ పొందినవారే. వీరిలో బాపిరాజు నవలాకారుడుగా, చిత్రకారుడుగా, కవికొండల కవిగా ప్రసిద్ధులైనారు. అతడు శిష్యులను అజంతా గుహలకు కూడా తీసుకువెళ్ళాడు. భారతీయ యువకులు తమ దేశపు ప్రాచీన కళను చూచి నేర్చుకోవాలని, పాశ్చాత్య చిత్రాలకు నకళ్ళు తయారు చేయడంతో తృప్తి చెందరాదని కూల్డ్రే అభిప్రాయం.

రామారావులోని ప్రతిభకు రాజమండ్రిలో లభించే శిక్షణ చాలదని గ్రహించి, అతనిని బొంబాయి పంపించడానికి కూల్డ్రే పూనుకొన్నాడు. వినికిడి శక్తి తగ్గిపోవడంతో కూల్డ్రే 1919లో ఉద్యోగం విడిచి ఇంగ్లాండు వెళ్ళిపోయాడు. 1958లో అక్కడే మరణించాడు. శిష్యుడు అకాలమరణం చెందిన తరువాత అతని గురించి జ్ఞాపకాలను వ్రాసి ప్రచురించినవాడు కూడా ఈ గురువే.

బొంబాయి చదువు

రామారావు 1916లో బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చేరాడు. జంషెట్జీ జీజీభాయి ఇచ్చిన లక్ష రూపాయల విరాళంతో 1857లో ఆరంభమైన ఈ కళాశాల అప్పటికే దేశంలోని ప్రధాన కళాశిక్షణ కేంద్రాలలో ఒకటి. రామారావు తీసుకువెళ్ళిన బొమ్మలను చూచి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ అతనిని ప్రారంభ తరగతిలో కాక నేరుగా పై తరగతిలో చేర్చుకొన్నాడు. బర్న్స్ తరువాత ప్రిన్సిపాలుగా వచ్చిన గ్లాడ్‌స్టన్ సాలమన్ సజీవ మోడళ్ళను ఎదుట నిలిపి గీసే తరగతులకు, కుడ్యచిత్ర రచనకు ప్రాముఖ్యం ఇచ్చాడు. రామారావు చిత్రాలలో మానవదేహ నిర్మాణం పట్ల కనిపించే పట్టు ఈ శిక్షణ ఫలితమే. 1920లో అతడు చదువు పూర్తి చేశాడు.

ఈ కళాశాలకు అజంతాతో ఒక పాత సంబంధం ఉన్నది. అక్కడి అధ్యాపకుడు జాన్ గ్రిఫిత్స్ నాయకత్వాన విద్యార్థులు 1872 నుండి 1885 వరకు అజంతా కుడ్యచిత్రాలకు తైలవర్ణ ప్రతులు తయారు చేశారు. లండనుకు పంపిన ఆ ప్రతులలో చాలావాటిని 1885లో జరిగిన అగ్నిప్రమాదం నాశనం చేసింది. అంతకుముందు రాబర్ట్ గిల్ వేసిన అజంతా ప్రతులు కూడా 1866లో లండను క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో దగ్ధమైనాయి. రెండు తరాల శ్రమ సముద్రాలు దాటి బూడిదైంది. చిత్రం తన చోటు విడిచి వెళ్ళినపుడు ఎదుర్కొనే అపాయానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

యాత్రలు

బొంబాయిలో రామారావుకు గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావళ్‌తో స్నేహం కలిగింది. రావళ్ తరువాత అహమ్మదాబాదులో స్థిరపడి, 1924లో 'కుమార్' అనే పత్రికను స్థాపించి, గుజరాతులో చిత్రకళకు ప్రచారం కల్పించాడు. రామారావు గుజరాతు, కథియవాడ్ ప్రాంతాలలో పర్యటించి అక్కడి ప్రజల వేషభాషలను, పశుపాలకుల జీవితాన్ని పరిశీలించాడు. 'కథియవాడ్ గొల్లపడుచులు' వంటి చిత్రాలకు ఈ యాత్ర ప్రేరణ. ప్రయాణాలలో చేతిలో స్కెచ్ పుస్తకం లేకుండా ఉండేవాడు కాదనడానికి అతడు విడిచి వెళ్ళిన 28 పుస్తకాలే సాక్ష్యం. రంగుల చిత్రం కంటె ముందు చిత్రకారుని ఆలోచన ఎలా సాగిందో తెలుసుకోవడానికి ఇటువంటి పుస్తకాలు పరిశోధకులకు మిక్కిలి ఉపకరిస్తాయి.

చిత్రాలు, శైలి

రామారావు చిత్రాలను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు: పౌరాణిక చిత్రాలు, జనజీవన చిత్రాలు, ప్రకృతి దృశ్యాలు, వ్యక్తుల ముఖచిత్రాలు.

పౌరాణిక చిత్రాలలో 'ఋష్యశృంగ బంధనం' ప్రసిద్ధమైనది. అంగదేశంలో అనావృష్టి తొలగించడానికి, స్త్రీలను ఎన్నడూ చూచి ఎరుగని ముని కుమారుడైన ఋష్యశృంగుని వారవనితలు ఆకర్షించి రోమపాద మహారాజు నగరానికి తీసుకువచ్చిన కథ దీనికి మూలం. రామాయణ బాలకాండలోను, మహాభారతంలోను ఈ కథ ఉన్నది. 'సిద్ధార్థ రాగోదయం' బుద్ధుడు కాకముందటి సిద్ధార్థుని హృదయంలో అనురాగం ఉదయించిన ఘట్టాన్ని చూపుతుంది. వైరాగ్యానికి ప్రతీకలైన ఇద్దరు వ్యక్తుల జీవితాలలోని రాగ ఘట్టాలను రామారావు ఎన్నుకొనడం గమనించదగిన విషయం.

జనజీవన చిత్రాలలో 'పుష్పాలంకారం', 'నందిపూజ', 'కార్తీక పౌర్ణమి' ముఖ్యమైనవి. పూలు, పూజలు, దీపాలు, పండుగలు తెలుగు స్త్రీల నిత్యజీవితంలో భాగాలు. అంతవరకు పెద్ద చిత్రాలకు తగిన వస్తువులుగా ఎవరూ భావించని ఈ విషయాలకు రామారావు గౌరవస్థానం కల్పించాడు. ప్రకృతి చిత్రాలలో తూర్పు కనుమల నడుమ ప్రవహించే గోదావరిని చూపే చిత్రం పేరెన్నిక గన్నది.

శైలి విషయంలో రామారావు మధ్యేమార్గాన్ని అవలంబించాడు. దేహ నిర్మాణం, దూరదృష్టి, వెలుగునీడల విషయంలో బొంబాయి శిక్షణ కనిపిస్తుంది. రేఖల ఒయ్యారంలోను, బొమ్మల కూర్పులోను అజంతా ప్రభావం కనిపిస్తుంది. వంగ చిత్రకారులు ఇష్టపడిన పొగమంచు వంటి వర్ణలేపనాన్ని అతడు అంతగా అనుసరించలేదు. అతని రంగులు స్వచ్ఛమైనవి. అతని మనుషులు నేలపై నిలిచి ఉంటారు. ఈ సమన్వయాన్నే తరువాతి వారు ఆంధ్ర చిత్రకళా సంప్రదాయానికి ఆరంభంగా గుర్తించారు.

ప్రదర్శనలు

1922లో కలకత్తాలోని ప్రాచ్య కళా సంఘం ప్రదర్శనలో 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. నాటి వైస్రాయి లార్డ్ రీడింగ్. వంగ చిత్రకారుల కేంద్రమైన కలకత్తాలో ఒక ఆంధ్ర యువకునికి ఈ గౌరవం దక్కడం తెలుగువారిలో ఉత్సాహాన్ని కలిగించింది. లండను సమీపంలోని వెంబ్లీలో 1924లో ఆరంభమైన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా అతని చిత్రాలు చోటు చేసుకొన్నాయి. కళాశాల విడిచిన నాలుగైదు ఏళ్ళలోనే ఇంతటి గుర్తింపు పొందిన తెలుగు చిత్రకారుడు అంతకుముందు లేడు.

రాజమండ్రి చిత్రకళాశాల

చదువు ముగిసిన తరువాత రామారావు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడి ఉంటే ధనము, కీర్తి మరింత సులభంగా లభించి ఉండేవి. ధనికులైన పోషకులు, ప్రదర్శనశాలలు, పత్రికలు ఆ నగరాలలోనే ఉండేవి. అయినప్పటికీ అతడు రాజమండ్రికి తిరిగి వచ్చాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం మొదలైనవారి తోడ్పాటుతో 1920ల తొలి సంవత్సరాలలో అక్కడ చిత్రకళాశాల నెలకొల్పాడు. ఆంధ్రదేశంలో చిత్రకళను అభ్యసించదలచినవారు దూరప్రాంతాలకు పోనవసరం లేకుండా చేయాలన్నది దీని ఉద్దేశ్యం. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా ఈ బృందంలో భాగస్వాములు. స్త్రీల చదువే వివాదాస్పదంగా ఉన్న కాలంలో ఇద్దరు గృహిణులు చిత్రకళలో శిక్షణ పొంది స్వతంత్రంగా చిత్రాలు వేయడం ఈ కళాశాల సాధించిన విజయాలలో ఒకటిగా చెప్పవచ్చు.

మరణము

1925 ఆరంభంలో రామారావుకు మశూచి సోకింది. ఫిబ్రవరి 6, 1925న అతడు మరణించాడు. 28వ జన్మదినానికి అప్పటికి ఇంకా నెల రోజులు ఉన్నది. టీకా అప్పటికి శతాబ్దం పైగా వాడుకలో ఉన్నప్పటికీ దేశంలో మశూచి మరణాలు సర్వసాధారణంగా ఉండేవి. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి ప్రపంచమంతటా నిర్మూలించబడినట్లు ప్రకటించింది.

కళాశాల చదువు ముగిసిన నాటి నుండి మరణం వరకు రామారావుకు లభించిన కాలం సుమారు ఐదేళ్ళు మాత్రమే. అతని ముఖ్యమైన చిత్రాలలో చాలావరకు ఈ ఐదేళ్ళలో వెలువడినవే.

చిత్రాల యాజమాన్య చరిత్ర

యువ చిత్రకారుడు హఠాత్తుగా మరణించినపుడు అతని కృతులకు సాధారణంగా మూడు గతులలో ఏదో ఒకటి పడుతుంది. వారసులు వాటిని పంచుకొని వేరు వేరు ఇళ్ళకు తీసుకుపోవడం మొదటిది. అవసరానికి ఒక్కొక్కటిగా అమ్ముకోవడం రెండవది. అటకమీద పడి చెదలకు, చెమ్మకు నశించిపోవడం మూడవది. రామారావు చిత్రాలకు ఈ మూడూ తప్పడానికి అతని చుట్టూ ఉన్న కొద్దిమంది కారకులు.

మొదటి దశలో చిత్రాలు కుటుంబం వద్ద ఉన్నాయి. చిన్న వయసులోనే భర్తను కోల్పోయిన సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ స్వయంగా చిత్రకారిణులు కావడం వల్ల వాటి విలువ వారికి తెలుసు. పూర్తి చేసిన చిత్రాలతో పాటు పెన్సిలు గీతలు, స్కెచ్ పుస్తకాలు కూడా నిలిచి ఉండడానికి ఈ తెలివిడే కారణం. కళ తెలియని ఇంట అయితే అసంపూర్ణమైన కాగితాలు ముందుగా పోయేవి.

రెండవ దశలో వరదా వెంకటరత్నం ప్రధాన పాత్ర వహించాడు. స్వయంగా సమర్థుడైన చిత్రకారుడైన అతడు మిత్రుడు స్థాపించిన చిత్రకళాశాలను మూతపడనివ్వక నడిపించాడు. చిత్రాలను ఒకచోట చేర్చి రామారావు పేర స్మారక చిత్రశాలగా ప్రజలు చూచే వీలు కల్పించడంలో అతని కృషి గణనీయమైనది. తన చిత్రాలకంటె మిత్రుని చిత్రాలకు ఎక్కువ సేవ చేసినవాడుగా అతనిని తెలుగు కళాభిమానులు స్మరిస్తారు.

మూడవ దశలో చిత్రశాల ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. దీనితో ఈ చిత్రాలు ఒక కుటుంబపు ఆస్తిగా గాక ప్రజల ఆస్తిగా మారినాయి. నేడు దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరంలో రామారావు చిత్రాలతో పాటు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వరదా వెంకటరత్నం మొదలైనవారి చిత్రాలు కూడా ఉన్నాయి. అంటే ఒక ఇంటిలోను, ఒక కళాశాలలోను కలిసి పనిచేసినవారి కృతులు ఇప్పటికీ ఒకే కప్పు క్రింద ఉన్నాయి.

సరిపోల్చదగిన ఉదాహరణలు

రామారావు చిత్రాల చరిత్రను అర్థం చేసుకోవడానికి మరి ఇద్దరు చిత్రకారుల ఉదాహరణలు ఉపకరిస్తాయి. ఇద్దరూ అకాలమరణం చెందినవారే. ఇద్దరి చిత్రాలనూ మొదట కాపాడినవారు కుటుంబ సభ్యులే.

విన్సెంట్ వాన్ గో (1853-1890) ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో లామార్టీన్ కూడలి వద్ద ఒక ఇంటిలో నాలుగు గదులను 1888 మే నెలలో అద్దెకు తీసుకొన్నాడు. చిత్రకారులు కలిసి పనిచేసే నివాసంగా దానిని మార్చాలని అతని కోరిక. 1888 సెప్టెంబరులో ఆ ఇంటినే తైలవర్ణ చిత్రంగా వేశాడు. 'పసుపుపచ్చ ఇల్లు'గా పేరుపొందిన ఈ చిత్రం ఎత్తు 72 సెంటీమీటర్లు, వెడల్పు 91.5 సెంటీమీటర్లు. వాన్ గో దీనిని తమ్ముడు థియోకు పంపాడు. 1891లో థియో మరణించిన తరువాత చిత్రం అతని భార్య జోహన్నా చేతికి వచ్చింది. బావగారి పేరు లోకానికి తెలియడానికి ఆమె కొన్ని చిత్రాలను అమ్మింది. 1924లో లండను నేషనల్ గ్యాలరీకి పొద్దుతిరుగుడు పూల చిత్రాన్ని ఇచ్చింది కూడా ఈమెయే. కాని ఈ ఇంటి చిత్రాన్ని మాత్రం అమ్మలేదు. ఆమె మరణించిన సంవత్సరము 1925, అనగా రామారావు మరణించిన సంవత్సరమే. తరువాత ఆమె కుమారుడు విన్సెంట్ విలెమ్ దీనికి యజమాని అయినాడు. 1962లో కుటుంబం వద్ద ఉన్న చిత్రాలు వాన్ గో ఫౌండేషనుకు బదిలీ అయినాయి. 1973లో ఆంస్టర్‌డాంలో ఆరంభమైన వాన్ గో మ్యూజియంలో ఇప్పుడు ఈ చిత్రం ఉన్నది. చిత్రంలోని ఇల్లు మాత్రం 1944లో రెండవ ప్రపంచ యుద్ధపు బాంబుదాడిలో దెబ్బతిని, తరువాత కూల్చివేయబడింది. ఇల్లు పోయింది, చిత్రం మిగిలింది. అయితే అది మిగిలిన చోటు చిత్రకారుడు నివసించిన ఊరు కాదు. ఆర్ల్ వెళ్ళినవారికి అది కనిపించదు.

అమృతా షేర్‌గిల్ (1913-1941) 28 ఏళ్ళ ప్రాయంలో మరణించింది. ఆమె భర్త, తండ్రి ఇచ్చిన చిత్రాలు 1954లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ ఆధునిక కళామందిరపు తొలి సేకరణలో ప్రధాన భాగమైనాయి. ప్రైవేటు వ్యక్తుల చేతులలో మిగిలిన కొద్ది చిత్రాలు అరుదుగా వేలానికి వస్తాయి. వాటిలో ఒకటి 2023లో 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది.

ఈ ఇద్దరి చిత్రాలూ దేశ రాజధానులలోని పెద్ద సంస్థలకు చేరినాయి. రామారావు చిత్రాలు అతడు పుట్టి, పనిచేసి, మరణించిన ఊరిలోనే నిలిచాయి. దీనివల్ల ఒక లాభము, ఒక నష్టము కలిగినాయి. గోదావరి ఒడ్డున నిలిచి ఆ నదిని చూచిన కనులతోనే ఆ నది చిత్రాన్ని చూడగలగడం లాభం. దేశంలోని పెద్ద మ్యూజియములలో అతని చిత్రాలు కనిపించకపోవడం వల్ల తెలుగుదేశం వెలుపల అతని పేరు తగినంతగా వ్యాపించకపోవడం నష్టం. చిత్రాలు బజారులోకి రాకపోవడం వల్ల పత్రికలలో ధరల వార్తలు కూడా ఉండవు. ధరను బట్టి గొప్పతనాన్ని కొలిచేవారి దృష్టికి ఇటువంటి చిత్రకారుడు ఆనడు.

చట్టము దృష్టిలో

చిత్రానికి యజమాని కావడం, చిత్రంపై కాపీహక్కు కలిగి ఉండడం వేరు వేరు విషయాలు. గుడ్డ, రంగు, చట్రం కలిసిన వస్తువు ఎవరి వద్ద ఉన్నదో వారు యజమాని. దానిని అచ్చువేసే హక్కు చిత్రకారునికి, అతని తరువాత వారసులకు ఉంటుంది. ప్రస్తుత భారతీయ చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు ఈ హక్కు ఉంటుంది. ఈ లెక్కన చూచినా రామారావు చిత్రాల కాపీహక్కు 1985తో ముగిసింది. అందువల్ల వస్తువుగా అవి ప్రభుత్వ సంరక్షణలో ఉన్నప్పటికీ, బొమ్మలుగా అందరివీ అయినాయి. విద్యార్థులు, ప్రచురణకర్తలు వాటిని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

1972లో చేసిన పురావస్తువుల, కళానిధుల చట్టం క్రింద రవివర్మ, అమృతా షేర్‌గిల్, నందలాల్ బోస్, జామినీ రాయ్, రవీంద్రనాథ్ ఠాగూర్ మొదలైన తొమ్మిదిమంది చిత్రకారుల కృతులు జాతీయ కళానిధులుగా గుర్తింపు పొందాయి. వీటిని దేశం దాటించి అమ్మడానికి వీలులేదు. ఆ తొమ్మిదిమందిలో రామారావు లేడు. అతని చిత్రాలకు ఇన్నాళ్ళూ రక్షణ కల్పించింది ఇటువంటి గుర్తింపు కాదు. కుటుంబము, మిత్రులు వాటిని విడదీయకుండా ఒకచోట ఉంచి ప్రజలపరం చేయడమే.

సంరక్షణ

చిత్రాలు ఒకచోట ఉన్నంత మాత్రాన వాటికి అపాయం లేదని చెప్పలేము. తైలవర్ణంలో రంగుపొడిని అవిసె నూనె వంటి ఆరిపోయే నూనెతో కలుపుతారు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి ఈ నూనె గట్టిపడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసుబారి బీటలు వారుతుంది. గాలిలో తేమ మారినపుడల్లా గుడ్డ సాగుతూ బిగుస్తూ ఉండడం వల్ల రంగు పెచ్చులుగా ఊడవచ్చు. నీటిరంగుల చిత్రాలకు వెలుతురు పెద్ద శత్రువు. కాగితానికి బూజు, పురుగు మరొక ముప్పు. గోదావరి తీరపు వాతావరణం వేసవిలో మిక్కిలి వేడిగాను, వర్షాకాలంలో మిక్కిలి చెమ్మగాను ఉంటుంది. కనుక శతాబ్దం దాటిన ఈ చిత్రాలకు ఉష్ణోగ్రత, తేమ, వెలుతురుల నియంత్రణ అత్యవసరం. మంచి నాణ్యతతో వాటిని డిజిటల్ ప్రతులుగా భద్రపరచడం కూడా అంతే ముఖ్యము. పెన్సిలు చిత్రాలు, స్కెచ్ పుస్తకాల విషయంలో ఇది మరింత అవసరం. తరచుగా చేతులు తగిలితే ఆ గీతలు చెరిగిపోతాయి.

ప్రాధాన్యత

రామారావు తరువాత అతని మిత్రులు, శిష్యులు ఆంధ్రదేశమంతటా చిత్రకళకు వ్యాప్తి కల్పించారు. సహాధ్యాయి అయిన అడివి బాపిరాజు సాహిత్యంలోను, చిత్రకళలోను ఆ స్ఫూర్తిని కొనసాగించాడు. రాజమండ్రి చిత్రకళాశాల స్థాపన వల్ల, చిత్రకళ రాజాస్థానాలకు, మహానగరాలకు మాత్రమే పరిమితం కాదని, ఒక జిల్లా పట్టణంలో మధ్యతరగతి కుటుంబంలో కూడా అది వర్ధిల్లగలదని రుజువైంది.

రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత అది తూర్పు గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. నది ఒడ్డుకు వచ్చే యాత్రికులు, విద్యార్థులు అక్కడి చిత్రకళా మందిరంలో రామారావు చిత్రాలను చూడవచ్చు. 28 ఏళ్ళు నిండని జీవితంలో అతడు చేసిన పని దాదాపు అంతా అక్కడే ఉన్నది.